టీపాయ్ మీద దవడలు

పళ్లక్క అసలు పేరు ఆ అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియదు. ఆమె కట్టుడు పళ్లు తయారుచేస్తుందని పిల్లలు కనిపెట్టి ఆ పేరు పెట్టారు. అది లిఫ్టులోనూ మెట్ల మీదా తిరిగి తిరిగి చివరికి పెద్దవాళ్ల నోళ్లలో కూడా స్థిరపడిపోయింది. ఎవరైనా "పళ్లక్కా" అని పిలిస్తే ఆమె నొచ్చుకునేది కాదు. ఉన్న ముప్పై రెండూ కనిపించేలా నవ్వేది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెది అదే పని. పళ్ల డాక్టరు మెత్తటి ముద్ద కరిపించి పేషెంటు నోటి కొలత తీసి ల్యాబ్‌కి పంపిస్తాడు. ఆ ముద్దలో పడిన గుంటలో ఆమె ప్లాస్టరు పోసి చిగుళ్ల అచ్చు తీస్తుంది. అచ్చు మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, పై వరుస కింది వరుస మీద సరిగ్గా కూర్చునేదాకా సరిచేస్తుంది. మరీ తెల్లటి పళ్లు పెడితే ముసలివాళ్ల నోట్లో టైల్సు పరిచినట్లుంటుందని ఆమె నమ్మకం. అందుకని మనిషి వయసు చూసి కాస్త మాసిన రంగు ఎంచేది. ముందు పళ్లలో ఒకదాన్ని కావాలనే వెంట్రుకవాసి వంకరగా పెట్టేది.

"పుట్టుకతో వచ్చిన పళ్లే అంత తిన్నగా ఉండవు. మనం పెట్టినవి తిన్నగా ఉంటే అనుమానం రాదూ?" అనేది.

అనుమానం రాకపోవడమే ఆ పనిలో గొప్ప. ఊళ్లో ఎంతమందో ఆమె చేసిన పళ్లతో తింటున్నారు, నవ్వుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. ఒక్కరూ పైకి చెప్పుకోరు. బస్సులో ఎదురు సీట్లో ఎవరైనా ఆవలిస్తే తన చేతి వంకర పన్నును ఆమె ఇట్టే గుర్తుపట్టేది. గుర్తుపట్టినా కిటికీలోంచి బయటికి చూసేది. పలకరిస్తే అవతలివాళ్ల పరువు పోయినట్టే కదా.

ఆ ఏడాది పళ్లక్క, ఆమె భర్త, అత్తగారు కొత్త ఫ్లాటులోకి మారారు. భర్త నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. పేచీ వస్తుందనిపిస్తే చెప్పులు తొడుక్కుని పాల ప్యాకెట్ కోసం బయలుదేరే రకం. ఆయన అక్కగారు ఇళ్లు అలంకరించే పని చేస్తుంది. పదిహేనేళ్లు ఒక కంపెనీలో ఒకరి కింద చేసి, ఈ మధ్యే సొంతంగా మొదలుపెట్టింది. చూడవచ్చిన వాళ్లకి "ఇదిగో, ఇది నేను చేసిన హాలు" అని చూపించడానికి ఆమెకి ఒక ఇల్లు కావాలి. తమ్ముడి కొత్త ఫ్లాటు కళ్లముందే ఉంది.

"మీరేం చెయ్యక్కర్లేదు, అంతా నేను చూసుకుంటా" అంటూ ఒక ఆదివారం నోటుపుస్తకంతో దిగింది. మరదల్ని సోఫాలో కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నిన్ను నువ్వు దేంతో పోల్చుకుంటావు? కొండా, సముద్రమా, అడవా?"

"పొద్దున్నే ఆరున్నరకి బస్సు పట్టుకోవాలి వదినా. పోల్చుకునే తీరిక ఎక్కడిది?"

"వేళాకోళం కాదు. హాల్లోకి వచ్చిన మనిషి కళ్లు ముందు పడేది టీపాయ్ మీదే. దాన్ని చూసి ఈ ఇంటావిడ ఎలాంటిదో చెప్పేయొచ్చు. టీపాయ్ అంటే మన మొహం అన్నమాట."

ఆ మాట పళ్లక్కకి నచ్చింది. నిజమే కదా అనుకుంది. వారం తిరిగేసరికి మొహం తయారై కూర్చుంది. బూడిదరంగు ట్రే, దాని మీద మూడు లావుపాటి పుస్తకాలు, ఒక గిన్నెలో తెల్లటి గులకరాళ్లు, ఎప్పుడూ వెలిగించకూడని కొవ్వొత్తి, సన్నటి కూజాలో ఎండుకొమ్మ. పళ్లక్క పై పుస్తకం తెరవబోయింది. అట్ట పెట్టెమూతలా ఊడి వచ్చింది. లోపల ఖాళీ.

"ఇది డొల్ల వదినా!"

"చదవడానికి కాదే, చూడ్డానికి. నువ్వు నెమ్మదైనదానివి, నీ దారిన నువ్వు పోయేదానివి. అందుకే అంతా ప్రశాంతంగా పెట్టాను. ఎలా ఉంది?"

"బావుంది" అంది పళ్లక్క. ఆ 'నెమ్మది' అన్న మాట మాత్రం పంటి కింద రాయిలా తగిలింది.

పది రోజులు ఆ టీపాయ్‌తో కాపురం చేసింది. పేపరు పెట్టుకోవడానికి చోటు లేదు. భర్త టీ గ్లాసు పట్టుకుని ఎక్కడ దించాలో తెలియక నిలబడే తాగేవాడు. అత్తగారు కళ్లజోడు గులకరాళ్ల మీద పెట్టి, అది కనబడక ఇల్లంతా వెతికేది. పళ్లక్క పని నుంచి వచ్చి సోఫాలో కూలబడి ఆ ఎండుకొమ్మ వంక చూసినప్పుడల్లా, ఎవరి ఇంటికో వచ్చి ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్లు ఉండేది.

పదకొండో రోజు సెలవు. పొద్దున్నే ట్రేని ట్రేగా ఎత్తి అట్టపెట్టెలో పెట్టేసింది. అల్మరా పైనుంచి తన పాత డబ్బా దించి, తడిగుడ్డతో టీపాయ్ తుడిచి, ఒక్కొక్కటే పేర్చింది. మధ్యలో ఇత్తడి దవడల సాధనం. పై అచ్చునీ కింది అచ్చునీ దానికి బిగించి, నోరు తెరిచి మూసినట్లు ఆడించి చూస్తారు. మొదటి ల్యాబ్ మూతపడినప్పుడు పాత సామాను పారేస్తుంటే అడిగి తెచ్చుకుంది. దాని పక్కన పదహారు రంగుల పళ్లు విసనకర్రలా విచ్చుకునే పట్టీ. పిడి అరిగి తన బొటనవేలి గుంత పడిన మైనపు కత్తి. అన్నిటికీ ముందు, ఒక్క పన్నూ లేని చిగుళ్ల అచ్చు ఒకటి, నున్నగా, పాలరాయిలా.

అత్తగారు గదిలోంచి వచ్చి, కళ్లజోడు సవరించుకుని చూసి, గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మాయ్, అది నాదేనా?"

"మీదే అత్తయ్యా."

"కొంప ముంచావు! నాకు ఒట్టేశావు కదే!"

"మీ పేరు చెప్పనని ఒట్టేశాను. చెప్పను. పళ్లు లేని నోళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఎవరూ పోల్చలేరు. మీరు తియ్యమంటే ఇప్పుడే తీసేస్తాను."

అత్తగారు చాలాసేపు ఆ అచ్చు వంక చూసింది. ఒకప్పుడు కోడలు ఈ పనికి పోతానంటే "ముక్కూ మొహం తెలియని వాళ్ల ఎంగిలి నోళ్లతో నీకేం పనే?" అని రెండు పూటలు అన్నం మానేసిన మనిషి ఆవిడ. నాలుగేళ్ల కిందట తన పళ్లే ఒక్కొక్కటిగా సెలవు పుచ్చుకున్నాయి. కోడలే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, కోడలే చేసింది. కొడుక్కి తప్ప ఎవరికీ తెలియకూడదని, ముఖ్యంగా కూతురికి తెలియకూడదని ఒట్టేయించుకుంది. ఆ కూతురేమో పోయిన చోటల్లా "మా అమ్మకి డెబ్బై ఆరు, ఇప్పటికీ మొక్కజొన్న కంకి కొరుక్కుతింటుంది, మా వంశంలో పళ్లు గట్టివి" అని చెప్పుకుంటూ తిరుగుతోంది.

"ఉండనీలే" అంది అత్తగారు చివరికి. "నా నోరు ఇంత అందంగా ఉంటుందని నాకే తెలీదు."

ఆడపడుచు మరుసటి వారం వచ్చి టీపాయ్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటీ శ్మశానం?"

"నా మొహం వదినా. మీరే అన్నారుగా."

"ఇంటికి వచ్చినవాళ్లు టీ తాగాలా వద్దా? ఈ దవడల ముందు ఎవరికి మింగుడుపడుతుంది?"

"నేను రోజూ వాటి ముందే అన్నం డబ్బా తెరుస్తాను. నాకు బాగానే మింగుడుపడుతోంది."

ఆ రోజుకి అంతటితో ఆగింది. అసలు చిక్కు ఆ నెలాఖరున వచ్చింది. ఒక కాలేజీ ప్రిన్సిపాల్ కొత్త ఇల్లు కట్టుకుంది. ఇల్లు మొత్తం అలంకరించే పని ఎవరికివ్వాలా అని చూస్తోంది. ఆడపడుచుకి సొంతంగా దొరకబోయే మొదటి పెద్ద పని అది. మచ్చుకి ఒక హాలు చూపించమని ఆవిడ అడిగింది. బుధవారం మధ్యాహ్నం మూడింటికి వస్తానంది.

ఆడపడుచు ఫోన్ చేసింది. "ఒక్క గంట తీసెయ్యి చాలు. ఆవిడ వెళ్లగానే నీ దవడలు నువ్వు పెట్టుకో."

"హాలంతా మీరు చేసిందే వదినా. కర్టెన్లు చూపించండి, దీపాలు చూపించండి, సోఫా చూపించండి. ఆ ఒక్క బల్లా నాది. దాన్ని ముట్టుకోవద్దు."

"నీకింత పంతమేమిటే?"

"ఇన్నేళ్లూ నా పని జనం నోళ్లలో దాక్కుని బతికింది. అది దాక్కోవాలి కాబట్టి దాక్కుంది, నేనేమీ అనలేదు. నా ఇంట్లో కూడా దాక్కోవాలా?"

ఆడపడుచు ఫోన్ పెట్టేసి తమ్ముడికి చేసింది. తమ్ముడు "చూద్దాంలే అక్కా" అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే సరేనన్నట్టే.

బుధవారం పళ్లక్క మామూలుగానే పనికి వెళ్లింది, మామూలుగానే అయిదున్నరకి వచ్చింది. గుమ్మం ముందు కొత్త చెప్పులు కనిపించాయి. మూడింటికి రావలసిన ప్రిన్సిపాల్ అయిదింటికి వచ్చింది. నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, నిటారుగా సోఫాలో కూర్చుని ఉంది. ఎదురుగా ఆడపడుచు రంగుల కాగితాలు పరిచి చెబుతోంది. మూలకుర్చీలో అత్తగారు. భర్త సెలవు పెట్టినట్లున్నాడు, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

టీపాయ్ మీద బూడిదరంగు ట్రే, గులకరాళ్లు, ఎండుకొమ్మ.

పళ్లక్క భర్త వంక చూసింది. ఆయన తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు.

ఆమె చేతులు కడుక్కుంది. పడకగదిలోకి వెళ్లి మంచం కిందికి వంగి చూసింది. డబ్బా అక్కడే ఉంది, మీద పాత దుప్పటి కప్పి. దుప్పటి చూశాక ఆమెకి ఒళ్లు మండింది. తీసి పెట్టడం వేరు, కప్పిపెట్టడం వేరు. డబ్బా చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చింది.

"క్షమించండమ్మా, ఒక్క నిమిషం" అని ప్రిన్సిపాల్‌తో అంది. కొవ్వొత్తి తీసి భర్త చేతిలో పెట్టింది. కూజా తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. ట్రే ఎత్తి నేలమీద దించింది. దవడల సాధనం, పట్టీ, కత్తి, అచ్చు, ఏది ఎక్కడుండాలో అక్కడ పెట్టింది. అచ్చు కాస్త పక్కకి తిరిగితే సరిచేసింది.

"ఇవేమిటి?" అంది ప్రిన్సిపాల్.

"నేను కట్టుడు పళ్లు చేస్తానమ్మా. ఇవి నా పనిముట్లు. ఈ హాలంతా మా వదినగారి చేతిపని, చాలా బాగా చేశారు. ఈ బల్ల మాత్రం నాది."

ఆడపడుచు మొహం ఎర్రబడింది. నవ్వు తెచ్చిపెట్టుకుంది. "మా మరదలికి కాస్త సరదాలెక్కువండీ" అంటూ వంగి ఆ చిగుళ్ల అచ్చును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్లు పైకెత్తింది. "ఎవరి దరిద్రపు బోసినోరో తెచ్చి నట్టింట్లో పెడితే ఎవరికి బావుంటుంది? చీ!"

పళ్లక్క నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. నాలుగేళ్ల నాటి ఒట్టు అడ్డుపడింది. పంటి బిగువున ఆపుకుంది.

"ఎవరి నోరైతేనేం వదినా. అది నా పని. కింద పెట్టండి."

"ఎవరిదో చెప్పు ముందు! ఏ ముష్టివాళ్లదో…"

మూలకుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి నిలబడింది. అందరూ చూస్తుండగా నోట్లో వేళ్లు పెట్టి, పై పళ్లు తీసింది, కింది పళ్లు తీసింది. రెండూ చేతిరుమాల్లో పెట్టుకుంది. ఆవిడ బుగ్గలు ఒక్కసారిగా లోపలికి పోయాయి. గడ్డం ముక్కుకి దగ్గరైంది. పదేళ్లు మీద పడ్డట్లయింది.

"నాదేనే" అంది. మాటలో సగం గాలే వచ్చింది, అయినా అందరికీ అర్థమైంది. "ఆ దరిద్రపు నోరు నాదే. నీకు మాట్లాడ్డం నేర్పిన నోరే అది."

ఆడపడుచు చేతిలోని అచ్చు పక్కకి ఒరిగింది. పళ్లక్క ముందుకు వెళ్లి, జారకముందే అందుకుని, దాని చోట దాన్ని పెట్టింది.

ప్రిన్సిపాల్ లేచింది. కోపంగా లేదు, నవ్వనూ లేదు. "నేను ఫోన్ చేస్తాను" అంది ఆడపడుచుతో. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అత్తగారి వంక ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. టీ అలాగే చల్లారిపోయింది.

తలుపు మూసుకోగానే ఆడపడుచు ఏడ్చేసింది. "నా నోటి దగ్గర కూడు పడగొట్టావు. పదిహేనేళ్లు ఒకరి కింద చేసి చేసి, ఇప్పుడే కాస్త తలెత్తుకుందామంటే…"

ఒకరి కింద పనిచెయ్యడం ఎలా ఉంటుందో పళ్లక్కకి ఒకరు చెప్పాలా? అయినా మాట తగ్గించలేదు.

"ఆ పని మీకు రాకపోతే నాకూ బాధే వదినా. కానీ మీ పని పైకి కనబడాలని నా పనిని మంచం కింద పెట్టించారు. పైన దుప్పటి కప్పించారు. మీ పనికి ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటారా?"

ఆడపడుచు తల్లి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదమ్మా? నేను పరాయిదాన్నా?"

అత్తగారు అప్పటికి పళ్లు మళ్లీ పెట్టుకుంది. "ఇదిగో, ఇలా చీ అంటావనే" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త మెల్లగా మొదలుపెట్టాడు. "ఒక్క గంటే కదా అనుకున్నాను."

"మీ ఆఫీసులో మీ బల్ల ఎవరైనా ఒక్క గంట వరండాలో పడేస్తే ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యనేమో" అన్నాడు నిజాయితీగా.

"నాకు తెలుసు. అందుకే చెబుతున్నా. ఇంకోసారి నా వస్తువు మీద చెయ్యి పడితే మీ పాల ప్యాకెట్ షికారు నాలుగు రోజులైనా పూర్తికాదు." అత్తగారు ఫక్కున నవ్వింది. ఆయన తలవంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ప్రిన్సిపాల్ ఫోన్ చెయ్యలేదు. ఆ ఇల్లు వేరే ఎవరో అలంకరించారని తర్వాత తెలిసింది. ఆడపడుచు మూడు నెలలు ఆ గడప తొక్కలేదు. పళ్లక్క రెండుసార్లు ఫోన్ చేసింది, అవతల ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. తప్పు చేశానా అని ఆలోచించిన పొద్దులూ లేకపోలేదు. అలాంటప్పుడు టీపాయ్ ముందు కూర్చుని, ఆ ట్రే తిరిగి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకునేది. పెట్టబుద్ధి అయ్యేది కాదు.

మారింది అత్తగారు. ఒట్టు పోయాక ఆవిడకి పట్టపగ్గాల్లేవు. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పళ్లు తీసి చూపించేది. "మా కోడలు చేసింది. ఈ వంకర పన్ను చూశావా? కావాలనే పెట్టింది. అదీ తెలివి!" ఇన్నాళ్లూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే ఇద్దరు ముసలమ్మలు, వెనకాలే ఇంటికి వచ్చి, ఆ రంగుల పట్టీ విప్పి, అద్దంలో చూసుకుంటూ రంగు ఎంచుకుని మరీ వెళ్లారు.

నాలుగో నెలలో ఆడపడుచు వచ్చింది. క్షమించమని అడగడానికి కాదు, తల్లిని చూడ్డానికి. సోఫాలో కూర్చుని, పళ్లక్క ఇచ్చిన టీ తాగి, గ్లాసు దవడల పక్కనే దించింది. చిన్న పనులు రెండు దొరికాయని చెప్పింది. వెళ్లేముందు ఆ అచ్చు వంక చూసి, "నాకు ఇప్పటికీ నచ్చలేదు" అంది.

"నచ్చక్కర్లేదు వదినా. మీరు వస్తూ ఉంటే చాలు."

"వస్తాలే. మా అమ్మ ఇక్కడుంది కదా" అని మూతి తిప్పుకుని వెళ్లింది.

మరుసటి సోమవారం పళ్లక్క ల్యాబ్‌లో యజమాని అయిన పళ్ల డాక్టరు గదిలోకి వెళ్లి నిలబడింది. చేతిలో పళ్ల సెట్టు పెట్టి పంపే తెల్ల డబ్బా ఉంది.

"దీని మీద మీ పేరుంది, ఫోన్ నంబరుంది, ఆస్పత్రి బొమ్మ ఉంది. చేసిన మనిషి పేరు కూడా ఉండాలి."

డాక్టరు నవ్వాడు. "పేషెంట్లకి నువ్వెవరో ఎందుకమ్మా?"

"వాళ్ల కోసం కాదు సార్, నా కోసం. మూత లోపలివైపు బోలెడు చోటుంది. బయటికి కనబడదు, వాళ్ల గుట్టుకి వచ్చిన లోటేమీ లేదు."

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు?"

"ఇన్నేళ్లు అడగలేదు కాబట్టి లేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

ఆయన చూద్దామన్నాడు. చూద్దాం అన్న మాటకి అర్థం ఆమెకి ఇంట్లోనే బాగా తెలుసు. ఆ రోజు పూర్తయిన మూడు సెట్ల డబ్బాల మూతల్లో తన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నల్ల సిరాతో గుండ్రంగా రాసి పంపేసింది. మర్నాడూ రాసింది. పక్క బల్లల వాళ్లు రెండు రోజులు చూసి, మూడో రోజు వాళ్లూ పెన్నులు తీశారు. డాక్టరు ఒకటి రెండుసార్లు గొణిగి, ఎవరి పేరు ఏ డబ్బాలో ఉందో తెలిస్తే తనకే సుళువని గ్రహించి ఊరుకున్నాడు.

మూడు వారాలు పోయాక ఒక పెద్దాయన తెల్ల డబ్బా పట్టుకుని ల్యాబ్‌లోకి దూసుకొచ్చాడు. మూత తెరిచి, లోపలి పేరు అక్షరం అక్షరం చదివాడు. "ఎవరండీ ఈవిడ?" అని అరిచాడు.

ఆ గదిలో ఆమె పేరును ఒక కొత్త మనిషి పైకి చదవడం అదే మొదటిసారి.

"నేనే" అంది పళ్లక్క, స్టూలు మీంచి లేచి.

"ఎడమవైపు గుచ్చుకుంటోంది. రెండు రోజులుగా అన్నం తినలేదు!"

"ఇటివ్వండి" అని ఆమె చెయ్యి చాపింది. "ఎక్కడ గుచ్చుకుంటోందో వేలు పెట్టి చూపించండి. సరిచేసి ఇచ్చేదాకా నేను కదలను, మీరూ కదలకండి."